చేదు పొట్లాలు

"నిన్న స్టేషన్లో రాయించింది వద్దు. మొన్న మీ కళ్లతో చూసింది చెప్పండి. గడియారం చూశారా, లేదా?"

సార్జెంట్ గాబ్నెట్ క్రీడన్ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. వంటింటి బల్లకు అవతల కూర్చున్న హన్నా డినీన్ ఈసారి కూడా ముందు టీ పోసింది, ఆ తర్వాతే నోరు విప్పింది. డెబ్బై రెండేళ్ల మనిషి. గురువారం మధ్యాహ్నం ఇదే బల్ల దగ్గర ఆమె తమ్ముడు బాట్ తల పట్టుకుని కుప్పకూలాడు. ఇవాళ శనివారం. ఉదయం తొమ్మిదిన్నర. అతని కుర్చీలో ఇప్పుడు గాబ్నెట్ కూర్చుని ఉంది.

"చూశానమ్మాయ్. రేడియోలో ఒంటిగంట వార్తలు అయిపోయి, ఈ చుట్టుపక్కల పోయినవాళ్ల చావు కబుర్లు చదువుతున్నారు. అప్పుడు తిండికి కూర్చున్నాడు."

"అంటే ఒంటిగంటా పది."

"నువ్వు పదంటే పదే."

"నేను అనకూడదు హన్నా గారూ. మీరు అనాలి."

"పది!" అంది హన్నా కసురుకుంటూ. "రొట్టె, చీజ్, ఉల్లిపాయ, గ్లాసుడు పాలు. రెండింటికి పావుగంట ఉందనగా మొదలైంది. 'ఎవడో మెడ వెనకనించి సుత్తితో బాదుతున్నాడే హన్నా' అన్నాడు. మొహం కందగడ్డయింది. చెమటలు. గుండె కొట్టుకోవడం చొక్కా మీదనించే కనబడింది నాకు."

"అంబులెన్సుకి ఎప్పుడు ఫోన్ చేశారు?"

"రెండింటికి."

గాబ్నెట్ నోట్‌బుక్కులో మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి వేసింది. 1.10 భోజనం. 1.45 నొప్పి. 2.00 అంబులెన్సు. రెండో అంకెకీ మూడో అంకెకీ మధ్య పెన్ను ఆగింది.

"ఈ పదిహేను నిమిషాలూ ఏం చేశారు?"

హన్నా చేతిలో కప్పు గాల్లోనే నిలిచిపోయింది. ఆవిడ కప్పు దించి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరూ అడగలేదు" అంది.

"నేను అడుగుతున్నాను."

"అడిగితే ఏమని చెప్పను? వాడు పోవడం నా తప్పేనని చెప్పనా? ఆ డబ్బా మీద రాసి ఉంది కదా, ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఈ నంబరుకే ఫోన్ చెయ్యమని. చేశాను. నంబరు నాలుగుసార్లు తప్పు నొక్కాను. చివరికి ఎవడో మగాడు ఎత్తాడు. అతను చెప్పింది విని, వీడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అదే నేను చేసింది."

గాబ్నెట్ లేచి ఫ్రిజ్ తెరిచింది. కింది అరలో తెల్లటి అట్టడబ్బా, అందులో వేలెడంత పొట్లాలు వరసగా. మూత మీద నీలం అక్షరాలతో ఒక నంబరు. డిప్రెషన్ ఉన్నవాళ్ల మీద జరుగుతున్న ట్రయల్‌కి, అంటే వైద్య ప్రయోగానికి, చెందిన డబ్బా అది. పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవుల్ని పొడి చేసి పొట్లాల్లో పెట్టి ఇస్తారు. రోజూ పొద్దున పెరుగులో కలుపుకుని తినాలి. పేగు బాగుపడితే మనసూ బాగుపడుతుందా అన్నది వాళ్లు తేల్చాలనుకుంటున్న సంగతి. సగం మందికి అసలు పొడి, సగం మందికి ఉత్త పొడి. ఎవరిది ఏదో మింగేవాళ్లకీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు.

బాట్ డినీన్ ముప్పై ఏళ్లు పాల ట్యాంకరు నడిపాడు. ఒకరోజు పొద్దున లారీ ఎక్కి, తాళం తిప్పలేక, రెండు గంటలు అలాగే కూర్చుండిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లు క్లినిక్కుకి తప్ప గది దాటలేదు. అలాంటివాడు ఈ ఫిబ్రవరి నుంచి లేచి తిరగడం మొదలుపెట్టాడు. ఈలలు వేశాడు. కొత్త చొక్కా కొనుక్కున్నాడు.

"ఫోన్లో ఆ మగమనిషి ఏమన్నాడో మాట పొల్లుపోకుండా చెప్పండి."

"'ఏం తిన్నాడు?' అన్నాడు."

"మొదటి మాటే అదా? మనిషి ఎలా ఉన్నాడని అడగలేదా?"

"లేదు. నేను 'మా తమ్ముడు తల పట్టుకుని ఏడుస్తున్నాడు' అనగానే, 'ఏం తిన్నాడు? చీజ్ తిన్నాడా?' అన్నాడు."

"చీజ్ సంగతి మీరు చెప్పారా, ఆయనే అడిగాడా? బాగా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించడానికేముంది? ఆయనే అడిగాడు. అవునన్నాను. తర్వాత 'ఏం కాదు, మంచినీళ్లిచ్చి పడుకోబెట్టండి, సర్దుకుంటుంది' అని పెట్టేశాడు."

గాబ్నెట్ ఆ మాటలు నోట్‌బుక్కులో ఎక్కించింది. రెండు రోజులుగా గోడకి తల బాదుకుంటున్నట్టుంది ఈ కేసు. ఆసుపత్రి మెదడులో రక్తస్రావం అంది. పాదిరి దైవేచ్ఛ అన్నాడు. ఇరుగుపొరుగు గొంతు తగ్గించి 'అలాంటివాళ్లు ఎప్పటికైనా ప్రాణం తీసుకునేవాళ్లే కదా' అన్నారు. తిండి గురించి అడిగినవాడు ఒక్కడు. వాడికి జబ్బేమిటో ముందే తెలుసు.

"ఆ చీజ్ ఎక్కడిది?"

"ఊనా ఇచ్చింది. ఊనా కింగ్‌స్టన్. ట్రయల్లోనే పరిచయం. డ్రిమోలీగ్ దగ్గర పాడి ఉంది, సొంతంగా చీజ్ చేస్తుంది. 'మూడేళ్లు మాగబెట్టింది, నీకోసమే' అని వాడికి పంపింది." హన్నా పెదవి బిగించింది. "ఆ కొత్త చొక్కా ఎవరికోసం అనుకున్నావ్?"

"బాట్ ఏమేం తిన్నాడో ఎక్కడైనా రాసేవాడా?"

"రాయకపోతే వాళ్లు ఊరుకుంటారా? రోజూ రాయాలి. ఏం తిన్నాడు, ఎలా నిద్రపోయాడు, మనసెలా ఉంది, ఆఖరికి దొడ్డికి ఎన్నిసార్లు వెళ్లాడు, అన్నీ." సొరుగు లాగి నల్ల అట్ట డైరీ తీసి బల్ల మీద పడేసింది.

గాబ్నెట్ ఫిబ్రవరి దగ్గర తెరిచింది. బాట్ అక్షరాలు ట్యాంకరు చక్రాల్లా గుండ్రంగా ఉన్నాయి. ఫిబ్రవరి ఆరు: కొత్త డబ్బా. పొడి చేదు. ఫిబ్రవరి ఇరవై: ఏడింటికే మెలకువ. హన్నాకి టీ పెట్టాను. మార్చి పదిహేడు: పబ్బులో పంపు బీరు రెండు గ్లాసులు. అరగంటకి మెడ వెనక పోటు, గంటలో తగ్గింది. ఏప్రిల్ ముప్పై: ఎండబెట్టిన సాసేజి, నాలుగు ముక్కలు. మళ్లీ పోటు, వాంతి. ఫిబ్రవరికి ముందు పేజీలన్నీ తిరగేసింది. అక్కడా బీరుంది, సాసేజి ఉంది. పోటు లేదు.

"చేదు" అనుకుంది గాబ్నెట్. ఒక పొట్లం చింపి నాలిక కొసకి ఆనించింది. చప్పగా ఉంటుందనుకున్న పొడి గొంతు దాకా చేదెక్కింది. తలుపు చప్పుడైంది.

"క్రీడన్! ఈ ఇంట్లో నీకేం పని?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఫాక్నా లార్డన్. ఐదేళ్ల కిందట ఇద్దరూ ఒకే పదవికి ఒకే రోజు ఇంటర్వ్యూకి వెళ్లారు. ఆయన ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ఆమె ఇంకా సార్జెంటే. ఇవాళ ఆయనకి సెలవు. ఇస్త్రీ చేసిన చొక్కా, మెరుగుపెట్టిన బూట్లు.

"ఇక్కడ టీ బాగుంటుందని వచ్చాను సార్. మీరు?"

"నువ్వు స్టేషన్ కారు ఎక్కడికి తీసుకెళ్లావో రాసి పెట్టావుగా. ఎలా ఉన్నారు హన్నా గారూ, క్షమించండి. నువ్వు బయటికి రా."

ఇద్దరూ నడవలో నిలబడ్డారు. లార్డన్ గొంతు తగ్గించాడు, కానీ కోపం తగ్గలేదు.

"రిపోర్టు వచ్చింది. మెదడులో నరం చిట్లింది. ముప్పై ఏళ్లు లారీ సీట్లో కూర్చున్న యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఇందులో నీకు కనబడిన నేరమేమిటి?"

"సోమవారం డాక్టరు చూస్తే బీపీ నూట పద్దెనిమిది. గురువారం అంబులెన్సువాళ్లు చూస్తే రెండువందల నలభై. మూడు రోజుల్లో రెట్టింపు ఎలా అయింది సార్?"

"నువ్వు డాక్టరువా?"

"కాదు. అందుకే అడుగుతున్నాను. ఆసుపత్రిలో తీసిన రక్తం ఉంది. దాన్ని డబ్లిన్ ల్యాబుకి పంపాలంటే మీ సంతకం కావాలి. ఒక్క సంతకం."

"పెట్టను."

"కారణం?"

"ఫైలు మూసేశాను కాబట్టి. మధ్యాహ్నం శవాన్ని ఇచ్చేస్తున్నారు. ఆ ముసలావిణ్ణి తమ్ముణ్ణి పాతిపెట్టుకోనివ్వు. ఎక్కడైనా పొగ కనబడితే చాలు, నిప్పుందంటావు నువ్వు."

"ఈ పొట్లాల్లో ఏదో ఉంది సార్. చేదుగా ఉంది. నేను ఆ ట్రయల్ దగ్గరికే..."

"ట్రయల్ జోలికి పోకు!"

ఆ మాట గోడకి తగిలి వెనక్కి వచ్చినంత గట్టిగా వచ్చింది. వంటింట్లో హన్నా కుర్చీ జరిపిన చప్పుడయింది. లార్డన్ తమాయించుకున్నాడు.

"పోలీసులు అడిగారని పత్రికలకి తెలిస్తే చాలు, రేపే ఆపేస్తారు. దాని మీద ప్రాణాలు పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లకి వేరే దారి లేదు. నీకది అర్థం కాదు."

"మీకెలా అర్థమైంది?"

"పేపర్లు చదువుతాను. నువ్వూ చదువు, బుర్ర పెరుగుతుంది." ఆయన గడియారం చూసుకున్నాడు. "నాకు ఒకచోట భోజనం ఉంది. సోమవారం నా బల్ల మీద నీ సంజాయిషీ ఉండాలి, రాతపూర్వకంగా."

ఆయన కారు మలుపు తిరిగేదాకా గాబ్నెట్ గుమ్మంలోనే నిలబడింది. గోడని ఒక తన్ను తన్నాలనిపించింది. హన్నా ఇంటి గోడ కాబట్టి ఊరుకుంది. డబ్బా, డైరీ సంచీలో వేసుకుని కారెక్కింది.

*

డాక్టర్ ఎత్నా స్కానెల్ శనివారం కూడా క్లినిక్కులోనే ఉంది. మానసిక వైద్యురాలు, ట్రయల్ మొత్తానికి పెద్ద. అరగంట కూర్చోబెట్టి గదిలోకి పిలిచింది. అప్పటికి పన్నెండు దాటింది.

"డైరీ ట్రయల్ ఆస్తి సార్జెంట్. ముందు అది ఇలా ఇవ్వండి."

"ఇస్తాను. చదివాక."

"బాట్ గురించి నాకూ బాధగానే ఉంది. కానీ సూక్ష్మజీవుల పొడి తిని ఎవరూ చచ్చిపోరు. అది పెరుగులో ఉండేదే. మీరు నా సమయం పాడుచేస్తున్నారు."

"మీ పొడి చేదుగా ఉంటుందా?"

"ఉండదు. అసలు పొడీ ఉత్త పొడీ ఒకే రుచి ఉండాలి. లేకపోతే ఎవరు ఏం తింటున్నారో తెలిసిపోదూ?"

గాబ్నెట్ పొట్లం చింపి బల్ల మీద పెట్టింది. స్కానెల్ విసుగ్గా వేలు అద్ది నాలిక మీద పెట్టుకుంది. విసుగు ఆమె మొహం మీద నుంచి మెల్లగా దిగిపోయింది.

"కొత్త డబ్బాలు ఎప్పుడొచ్చాయి?"

"ఫిబ్రవరిలో. పొట్లాలు కట్టే కంపెనీ వాటిని మార్చింది. వాళ్ల తరఫున ఇక్కడ అన్నీ చూసేది కిలియన్ మొయ్నిహాన్."

"డబ్బా మీది నంబరు ఎవరిది?"

"అతనిదే."

"ఫిబ్రవరిలో అతను ఇంకేమైనా మార్చాడా?"

"మార్చడం కాదు, ఒక నిబంధన పెట్టించాడు. డిప్రెషన్‌కి వేరే మాత్రలు వాడేవాళ్లని తీసెయ్యాలన్నాడు. ఫలితం స్పష్టంగా తెలుస్తుందని. తెలిసింది కూడా. అంతకుముందు ఏడాదిలో రానంత మార్పు నాలుగు నెలల్లో వచ్చింది. మంచం దిగనివాళ్లు దిగారు. ఇరవై ఏళ్లుగా అందరూ నన్ను చూసి నవ్వారు సార్జెంట్, పేగులో మనసేమిటని. మొదటిసారి ఎవరూ నవ్వలేదు."

"నేను మూడు తేదీలు చదువుతాను. ఏమైనా గుర్తొస్తుందేమో చెప్పండి." గాబ్నెట్ డైరీ తెరిచింది. "మార్చి పదిహేడు, పంపు బీరు, మెడ వెనక పోటు. ఏప్రిల్ ముప్పై, ఎండబెట్టిన సాసేజి, పోటు, వాంతి. మొన్న గురువారం, మూడేళ్లు మాగిన చీజ్. ముప్పై అయిదు నిమిషాలకి పోటు. గంటన్నరకి చావు."

స్కానెల్ లేచింది. మళ్లీ కూర్చుంది.

"ఆ జాబితా నాకు తెలుసు" అంది. "చదువుకునే రోజుల్లో నిద్రలో లేపినా అప్పజెప్పేదాన్ని."

"నాకర్థమయ్యేలా చెప్పండి."

"డిప్రెషన్‌కి పాతకాలపు మాత్రలు ఒక రకం ఉన్నాయి. బాగా పనిచేస్తాయి. కానీ ఇప్పుడు ఎవరికో గాని ఇవ్వం. ఎందుకంటే అవి వేసుకునేవాళ్లు పులిసినవీ మాగినవీ తినకూడదు. పాత చీజ్, పంపు బీరు, ఎండు సాసేజి. వాటిలో ఒక పదార్థం ఉంటుంది. మామూలు మనిషికి కడుపులోనే అది విరిగిపోతుంది. ఆ మాత్ర వేసుకుంటే విరగదు. తిన్న అరగంటకో గంటకో రక్తపోటు ఒక్క ఉదుటున లేస్తుంది. తల పగిలిపోతుంది." ఆమె పొట్లం వైపు చూసింది. "మాటవరసకి కాదు."

"వేరే మాత్రలు వాడేవాళ్లని అందుకే తీసేయించాడా?"

"రెండూ కలిస్తే చీజ్ కూడా అక్కర్లేదు. వారంలో నలుగురు పోయేవాళ్లు, అతని గుట్టు బయటపడేది." స్కానెల్ అరచేతులతో మొహం కప్పుకుంది. "నా సూక్ష్మజీవులు పనిచెయ్యలేదు. అతను పనిచేసే మందు కలిపి, పనిచేశాయనిపించాడు. నేను నమ్మాను. పైగా నేనేం చేశానో తెలుసా? ప్రతివాళ్ల చేతికీ ఒక కాగితం ఇచ్చాను. పులిసినవి తినండి, మాగినవి తినండి, మీ పేగులకి మంచిదని."

గాబ్నెట్ ఆ కాగితాన్ని బాట్ ఫ్రిజ్ తలుపు మీద చూసింది. చీజ్ బొమ్మతో సహా.

"మొయ్నిహాన్ ఎక్కడ?"

"గురువారం సాయంత్రం నాలుగింటికి సెలవు పెట్టి వెళ్లాడు. వాళ్లమ్మకి బాగా లేదని."

"బాట్ చనిపోయినట్టు మీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం పొద్దున."

"ఏం జరుగుతోందో అతనికి గురువారం రెండింటికి ముందే తెలుసు. హన్నా ఫోన్ చేసి చెప్పింది. అతను ఆవిడ చేత మంచినీళ్లు ఇప్పించాడు." గాబ్నెట్ ఫోను తీసి అతని నంబరు నొక్కింది. స్విచ్ ఆఫ్. స్టేషనుకి చేసి, అతన్ని వెతకమని చెప్పబోతే డ్యూటీలో ఉన్నవాడు నసిగాడు. "ఇన్‌స్పెక్టర్ గారు ఆ ఫైలు మూసేశారు కదండీ, నేనెలా..." ఆమె పళ్లు నూరింది. "నా పేరు రాసుకో. నా ఉద్యోగం ఊడితే ఊడనీ. విమానాశ్రయానికి, ఓడరేవుకి చెప్పు. ఇప్పుడే చెప్పు." ఫోను పెట్టేసి స్కానెల్ వైపు తిరిగింది. "ట్రయల్లో ఉన్నవాళ్ల పేర్లు కావాలి."

"అది కుదరదు. మనసు జబ్బని నలుగురికీ తెలిస్తే బతకలేమన్నవాళ్లు ఉన్నారు. రహస్యంగా ఉంచుతానని ప్రతివాళ్లకీ మాటిచ్చాను."

"మాట నిలబడుతుంది డాక్టర్. మనుషులు నిలబడరు."

స్కానెల్ సొరుగు తాళం తీసి రెండు కాగితాలు తోసింది. నలభై నాలుగు పేర్లు, నంబర్లు. పన్నెండూ యాభై రెండు.

మొదటి పేరు. మోగి మోగి ఆగిపోయింది. రెండోది అంతే. మూడోది మాటలు రికార్డు చెయ్యమంది. నాలుగు, అయిదు, ఆరు. శనివారం మధ్యాహ్నం భోజనవేళ ఇంతమంది ఫోన్లు ఎత్తకపోవడమేమిటి? స్కానెల్ రెండో కాగితం కింది నుంచి మొదలుపెట్టింది. ఒక ముసలాయన ఎత్తాడు. నిన్నా ఇవాళా గంజి తప్ప ఏమీ తినలేదట. మిగతా ఎవరూ పలకలేదు.

"ఊనా కింగ్‌స్టన్‌కి చెయ్యండి" అంది గాబ్నెట్. "రోజూ చీజ్ తినే మనిషి."

"ఊనాకి వచ్చింది ఉత్త పొడే అయ్యుంటుంది. కాకపోతే ఫిబ్రవరిలోనే పోయేది" అంటూనే స్కానెల్ నొక్కింది. ఊనా కూడా ఎత్తలేదు.

గాబ్నెట్ వేలు వరసగా దిగుతోంది. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది దగ్గర వేలు ఆగిపోయింది.

ఫాక్నా లార్డన్.

ఒక్క క్షణం ఆమెకి చదవడం రానట్టయింది. కింద ఉన్న నంబరు ఆమెకి కంఠతా వచ్చు. అయిదేళ్లుగా ఆ నంబరు చూస్తేనే ఆమెకి కడుపులో మంట. నొక్కింది. రెండో రింగుకే ఎత్తాడు. వెనకాల గిన్నెల చప్పుడు, నవ్వులు, ఎవరో ఫిడేలు శ్రుతి చేస్తున్నారు.

"సోమవారం అన్నాను కదా క్రీడన్."

"ఎక్కడున్నారు సార్?"

"నీకెందుకు?"

"నా దగ్గర ట్రయల్ జాబితా ఉంది. ఇరవై తొమ్మిదో పేరు చదివాను. ఎక్కడున్నారు?"

ఆయన లేచి దూరంగా నడిచినట్టున్నాడు, చప్పుళ్లు తగ్గాయి.

"డ్రిమోలీగ్. ఊనా వాళ్ల పాడి దగ్గర" అన్నాడు. ఆ గొంతు నడవలో అరిచిన గొంతు కాదు. "ట్రయల్లో ఉన్నవాళ్లందరికీ ఊనా భోజనం పెడుతోంది. నెల కిందటే అనుకున్నాం. బాట్ పోయాడని మానేద్దామంటే, వాడి పేరు మీదే కూర్చుందామంది. విను క్రీడన్. బాట్ నాకు తెలుసు. క్లినిక్ బెంచీ మీద ఎనిమిది నెలలు పక్కపక్కన కూర్చున్నాం. ఫైలు తెరిస్తే నా పేరు బయటికొస్తుంది. స్టేషనంతా తెలుస్తుంది. అందుకే..." ఆగాడు. "రెండేళ్లు నిద్ర లేదు నాకు. ఈ పొడితో నిద్రపోతున్నాను. దాన్ని నువ్వు ఆపించేస్తావని భయపడ్డాను. చాలా?"

ఆ సంగతి తర్వాత అనుకుంది గాబ్నెట్.

"సార్, అది సూక్ష్మజీవుల పొడి కాదు. పాతకాలపు మాత్ర కలిపారు. దాని మీద పాత చీజ్ తింటే బాట్‌కి జరిగిందే జరుగుతుంది. భోజనం మొదలైందా?"

అవతల గ్లాసులు తగిలిన చప్పుడయింది.

"సార్! భోజనం మొదలైందా?"

"ఊనా చీజ్ చక్రం కోసింది. మూడేళ్లది. బాట్ కోసం దాచిందట."

"మీరు తిన్నారా?"

"తిన్నాను."

"ఎప్పుడు?"

"పావుగంట... కాదు. పన్నెండూ ముప్పావుకి."

గోడగడియారంలో ఒంటిగంటా మూడు. బాట్‌కి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. గాబ్నెట్ లెక్క పూర్తి చెయ్యకుండానే స్కానెల్ రెండో ఫోనులో బాంట్రీ ఆసుపత్రితో అరుస్తోంది. "ఎన్ని అంబులెన్సులున్నాయో అన్నీ! అడగొద్దు, పంపండి! బీపీ దించే ఇంజెక్షన్లు సిద్ధం చెయ్యండి!"

"సార్, సగం మందికి ఉత్త పొడి. ఎవరిది ఏదో చెప్పగలిగినవాడు మొయ్నిహాన్ ఒక్కడే, వాడు దొరకలేదు. పొడి చేదుగా ఉన్నవాళ్లెవరో అడగండి. ముందు అందరి చేతుల్లోంచి చీజ్ లాగెయ్యండి. బీరు కూడా. మీరే చెయ్యాలి. అక్కడ ఇంకెవరూ లేరు."

"నేను పోలీసునని వీళ్లెవరికీ తెలియదు" అన్నాడు లార్డన్. "పోస్టాఫీసు అని చెప్పాను."

"ఇప్పుడు తెలుస్తుంది."

ఫోను ఏదో చెక్కబల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. తర్వాత, స్టేషన్లో ఆమె వెయ్యిసార్లు అసహ్యించుకున్న ఆ గొంతు, గోడలు అదిరేలా.

"అందరూ చేతుల్లో ఉన్నది కింద పెట్టండి! నేను ఇన్‌స్పెక్టర్ లార్డన్, పోలీస్! నోట్లో ఉన్నది ఉమ్మెయ్యండి! హాస్యం కాదు, ఊనా, కత్తి పక్కన పెట్టు!"

ఫిడేలు ఆగిపోయింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలో తెగింది. కుర్చీలు ఈడ్చిన చప్పుడు, ఒక పళ్లెం పగిలిన చప్పుడు, ఒక ఆడమనిషి ఏడుపు. వాటన్నిటి మీదుగా ఆయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. తిన్నావా, ఎంత తిన్నావు, ఎప్పుడు తిన్నావు, నీ పొడి చేదా, అటు నిలబడు. స్టేషన్లో ఇంటిపేర్లు తప్ప పలకనివాడు అక్కడ అందర్నీ మొదటి పేర్లతో పిలుస్తుంటే గాబ్నెట్ ఫోను చెవికి మరింత దగ్గరగా నొక్కుకుంది. ఒంటిగంటా పది. ఒంటిగంటా పన్నెండు.

"అంబులెన్సులు బయల్దేరాయి" అంది స్కానెల్. "ఇరవై నిమిషాలు."

ఒంటిగంటా పద్నాలుగుకి ఆయన తిరిగి వచ్చాడు. ఊపిరి బరువుగా ఉంది.

"మొత్తం ముప్పై ఒక్కమంది. చీజ్ తిన్నవాళ్లు పంతొమ్మిది. అందులో పొడి చేదన్నవాళ్లు ఎనిమిది మంది. నన్ను కలుపుకుని."

"అంబులెన్సులు దారిలో ఉన్నాయి. మీకెలా ఉంది?"

ఎప్పుడు ఏమడిగినా ఎదురు ప్రశ్న వేసే మనిషి. ఈసారి వెయ్యలేదు.

"మెడ వెనక మొదలైంది" అన్నాడు. "ఫోను పెట్టెయ్యకు గాబ్నెట్."